కనెక్టోక్ నదీతీరంలో ఒక ఆబ్దికం

పాతంజల యోగసూత్రాల సాధనపాదంలో, జాతి, దేశ, కాల, సమయములనే అవధులకు లోబడని యమములే మహావ్రతమని చెప్పే సూత్రం ఒకటి ఉన్నది. అవధి గల అహింస ఎట్లా ఉంటుందో చూపడానికి వ్యాసభాష్యం ఎన్నుకొన్న మొదటి దృష్టాంతం చేపలు పట్టేవాడిది. అతని హింస చేపలకే పరిమితం. ఇతర ప్రాణుల జోలికి అతడు పోడు. కనుక అతని అహింస జాత్యవచ్ఛిన్నం. తీర్థస్థలంలో చంపనని నియమం పెట్టుకొన్నవాడిది దేశావచ్ఛిన్నం. చతుర్దశినాడు, పుణ్యదినాలలో చంపనన్నవాడిది కాలావచ్ఛిన్నం. భాష్యకారుడు వీరిలో ఎవరినీ నిందించలేదన్నది గమనింపదగిన విషయం. వారి అహింస ఇంకా మహావ్రతం కాలేదని మాత్రమే ఆయన సూచించినాడు.

అమెరికాలో సియాటిల్ నగర సమీపాన నివసించే ఒక కోనసీమ గృహస్థు ఇంట, మొన్నటి శీతకాలం మొదలు వేసవి వరకు, ఈ భాష్యవాక్యాలన్నీ భోజనపు బల్లపై పరచిన ఒక పటం చుట్టూ తిరిగినవి.

ఆ పటం అలాస్కా నైరుతి మూలలోని కనెక్టోక్ నదిది. ఆక్లున్ పర్వతశ్రేణిలో కగాటి అనే సరస్సున పుట్టి, పడమటగా సుమారు 90 మైళ్ళు ప్రవహించి, క్విన్‌హగాక్ అనే యూపిక్ జాతివారి గ్రామం వద్ద బేరింగ్ సముద్రపు శాఖ అయిన కుస్కోక్విమ్ అఖాతంలో కలుస్తుంది. 1980లో ఏర్పడిన టోగియాక్ వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం గుండా ఆ నది పారుతుంది. సరస్సు నుండి గ్రామం వరకు రహదారి లేదు, విడిదిగృహం లేదు, సెల్‌ఫోను సంకేతం లేదు. గృహస్థు కుమారునికి ఇరవయ్యారేండ్లు. కళాశాలలో చదివే రోజులలో ఫ్లై ఫిషింగ్ నేర్చినాడు. దారి చూపేవారు ఎవరూ లేకుండా, తండ్రీ తానూ ఇద్దరే రబ్బరు తెప్పలో ఎనిమిది రోజులపాటు ఆ నది వెంట దిగిపోవలెనని అతని సంకల్పం. తండ్రి కృష్ణయజుర్వేద పండితుని కుమారుడు, శాకాహారి. తెప్ప నడుపుతానే గాని గాలం ముట్టనని షరతు పెట్టి అంగీకరించినాడు. పదేళ్ళుగా కుమారుడు తన వెంట ఎక్కడికైనా రమ్మని తండ్రిని పిలవడం అదే మొదటిసారి. ఆ ఇంట ఈ మాట ఎవరూ పైకి అనలేదు.

ఫ్లై ఫిషింగ్ అనే విద్యలోని విశేషం తెలియనివారికి ఒక మాట చెప్పవలెను. సాధారణమైన గాలంలో కొననున్న ఎర బరువో సీసపు గుండు బరువో దారాన్ని ముందుకు లాగుకొని పోతుంది. ఇందులో కొననుండేది ఈక, వెంట్రుక, దారం చుట్టి చేసిన కృత్రిమ కీటకం. దానికి బరువే లేదు. బరువంతా దారానిదే, ఆ దారాన్ని కర్రతో వెనుకకూ ముందుకూ విసురుతూ, గాలిలో చాచి, కీటకం నీటిపై తానే వాలినట్లు దింపవలెను. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన గురువులలో మీనాన్ని కూడ లెక్కించినాడు; జిహ్వాచాపల్యం చేత గాలానికి చిక్కి నశించే చేప ఆయనకు రసనేంద్రియ నిగ్రహాన్ని బోధించింది. కాని ఈ ఫ్లై అనే దానిలో రుచి లేదు. ఇక్కడ మోసపోయేది నాలుక కంటె ముందు కన్ను. తండ్రి ఈ మాట అన్నప్పుడు కుమారుడు నవ్వి, “అందుకే నాన్నా, ఇది కొంచెం మాయావాదానికి దగ్గర” అన్నాడు. వేదాంతం మీద ఛలోక్తి విసరగలిగినంత మాత్రం అతనికి ఇంట్లో అబ్బింది.

ప్రయాణపు ఏర్పాటులలో మొదటిది కాలనిర్ణయం. జూన్, జూలై నెలలలో కింగ్ సాల్మన్, జూలైలో సాకై, చమ్, ఆగస్టులో సిల్వర్ సాల్మన్ సముద్రం నుండి నదిలోకి ఎక్కి వస్తాయి. అవి తాము పుట్టిన నదికే తిరిగివచ్చి, గులకరాళ్ళలో గుడ్లు పెట్టి, అక్కడే దేహం చాలిస్తాయి. ఆ గుడ్లను, ఆపైన ఆ కళేబరాల మాంసాన్ని తిని రెయిన్‌బో ట్రౌట్ చేపలు బలుస్తాయి; ఎలుగులు తింటాయి; సముద్రంలో కూడిన సారమంతా ఆ విధంగా కొండల మధ్య చెట్ల వేళ్ళకు చేరుతుంది. ఈ నదిలోని రెయిన్‌బో ట్రౌట్ ఒంటినిండ చిరుతపులికి వలె మచ్చలుంటాయి. కుమారుడు తక్కిన నదులన్నిటినీ విడిచి దీనిని కోరినది ఆ చేప కోసమే. జింక వెంట్రుకలతో ఒక కృత్రిమ మూషికాన్ని కూడ స్వయంగా కట్టుకొన్నాడు. నీటిపై ఈదే ఎలుకను ఆ చేప ఎగిరి పట్టుకొంటుందట. సిల్వర్ సాల్మన్, ట్రౌట్ రెండూ ఉండే కాలమని ఆగస్టు మూడవ వారం నిశ్చయించినాడు.

రెండవది భారం. కగాటి సరస్సుకు చక్రాల విమానం పోదు. డిల్లింగ్‌హామ్ నుండి నీటిపై దిగే చిన్న విమానంలో పోవలెను. ఆ పనికి వాడే బీవర్ విమానం మనుషులు, సామానులు కలిపి సుమారు వేయి పౌండ్లు మోస్తుంది. తెప్ప, దాని చట్రం, తెడ్లు, గాలిపంపు, గుడారం, ఎనిమిది రోజుల ఆహారం, వాతావరణం బాగుండక విమానం రాలేకపోతే మరి రెండు రోజుల ఆహారం, ఇవన్నీ ఆ లెక్కలో ఇమడవలెను. ఎలుగుబంటిపై చల్లే మిరియపు ద్రావకాన్ని, పొయ్యి ఇంధనాన్ని ప్రయాణికుల విమానంలో తీసికొనిపోనివ్వరు, డిల్లింగ్‌హామ్‌లోనే కొనుక్కోవలెను. ఆహారమంతా ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలలో ఉండవలెను. వండేచోటు, గుడారం మధ్య నూరు గజాల ఎడమ ఉండవలెను. గృహిణి కట్టియిచ్చిన పులిహోర ముద్ద, కందిపొడి, నెయ్యి, ఇంగువ డబ్బాలోకి సర్దుతూ, “ఈ ఇంగువ వాసనకు ఎలుగు దగ్గరకు వస్తుందా, పారిపోతుందా?” అని ఆమె అడిగిన ప్రశ్నకు ఏ గ్రంథంలోనూ సమాధానం దొరకలేదు.

మూడవది నది తీరు. ఎగువన నీరు నిస్సారంగా, స్వచ్ఛంగా ఉంటుంది. అక్కడక్కడ దిగి తెప్పను లాగవలసి వస్తుంది. నడుమ భాగంలో నది జడపాయలుగా చీలిపోతుంది. అపాయమంతా అక్కడే. మలుపు తిరిగేసరికి ఒడ్డు కోసుకొని నీటిపైకి ఒరిగిన చెట్టు అడ్డంగా ఉంటుంది. ప్రవాహం తెప్పను దాని క్రిందికే తోస్తుంది. నీరు ఎక్కువగా పోయే పాయనే ఎన్నుకొనవలెను, సందేహమైతే ఒడ్డున ఆగి నడచి చూచి రావలెను అన్నది కుమారుడు తండ్రి చేత కంఠస్థం చేయించిన నియమం. రోజుకు పన్నెండు మైళ్ళు. దిగువన చెట్లు లేని మైదానం, సముద్రపు పోటు, గ్రామస్థుల మోటారు పడవలు. దిగువ తీరంలో గ్రామసంస్థకు చెందిన భూములున్నవి. వాటిపై విడిది చేయుటకు ముందే అనుమతి పొందవలెను.

వస్త్రాల విషయంలో కుమారుడు కఠినంగా ఉన్నాడు. ఆగస్టులో అక్కడ వాన విడువదు, నీరు హిమశీతలం. తడిసిన నూలు దేహపు వేడిని పీల్చివేస్తుంది. ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుంది. కనుక నూలుబట్ట ఒక్కటి కూడ రాకూడదన్నాడు. ఆదివారం ఉదయం కోనసీమకు ఫోను చేసినప్పుడు తండ్రి ఈ సంగతి చెప్పగా, ఎనుబది నాలుగేండ్ల తాతగారు సంతోషించినారు. “ధావళి కట్టుకోమంటున్నాడన్నమాట. వాడి నోట ఆచారం వచ్చింది” అన్నారు.

ఆ ఫోనులోనే అసలు చిక్కు బయటపడినది. పంచాంగం చూచిన తాతగారు, “అబ్బాయీ, ఆ వారంలోనే మీ అమ్మ తిథి” అన్నారు. శ్రావణ బహుళ దశమి. మూడవ ఆబ్దికం. నది మీద ఐదవ రోజు.

తండ్రి ఆ రాత్రి ప్రయాణం మానుకొందామన్నాడు. కుమారుడు వాదించలేదు. కొంతసేపటికి, “నాయనమ్మ గట్టుమీద కూర్చుని చేపలకు నూకలు వేసేది. నేను పక్కన కూర్చునేవాణ్ణి” అన్నాడు. చిన్ననాటి నాలుగు వేసవులు అతడు ఆ గౌతమీతీరంలోనే గడపినాడు. ప్రతిదినం స్నానానంతరం ఆమె కొంగులో తెచ్చిన గుప్పెడు నూకలు నీటిలో వదిలేది. చేపలు కాళ్ళ దగ్గరకు వచ్చేవి. చేప మీద అతనికి ఆసక్తి కలిగినది ఎక్కడో ఇంతవరకు తండ్రి ఆలోచించలేదు. అమెరికా కళాశాలలో అబ్బిన అలవాటనుకొన్నాడు.

ఆబ్దికం నదీతీరంలో చేయరాదని ఏ శాస్త్రమూ చెప్పలేదు; చేయుటకు ప్రశస్తమైన చోట్లలో అదొకటి. బ్రాహ్మణులు లభించని దేశంలో ఆమశ్రాద్ధం, హిరణ్యశ్రాద్ధం వంటి అనుకల్పాలున్నవి. దర్భలు, నల్లనువ్వులు తీసికొనిపోవచ్చును. అన్నం వండి పిండప్రదానం చేయవచ్చును. కాని పిండాలను ఏమి చేయవలెను? ఆ తీరంలో ఒక్క మెతుకు విడిచినా ఎలుగుకు ఆహ్వానమే. ఒకసారి మనిషి అన్నం రుచి మరిగిన ఎలుగు తరువాత వచ్చే యాత్రికుల ప్రాణం మీదికి వస్తుంది, చివరకు దాని ప్రాణమూ పోతుంది. కనుక పిండాలు వడిగల ప్రవాహ మధ్యంలోనే విడువవలెను. అట్లా విడిస్తే వాటిని గ్రహించేవి చేపలు.

“అయితే ఆ రోజు గాలం వేయను” అన్నాడు కుమారుడు.

తండ్రికి వ్యాసభాష్యం అప్పుడే స్ఫురించినది. పుణ్యదినాన చంపనన్న నియమం! తొమ్మిదవ రోజు దాకా ఉన్న వాక్యాలన్నీ వరుసగా గుర్తుకు వచ్చినవి. పిండం విడిచినచోట గాలం వేయనన్నది దేశం. దశమినాడు వేయనన్నది కాలం. అక్కడితో ఆగిపోవలెనా? నాయనమ్మ పెట్టిన అన్నం తిన్న చేప ఏకాదశినాడు రెండు మైళ్ళ దిగువన గాలానికి తగలరాదా? శతపథ బ్రాహ్మణంలో మనువు చేతి నీళ్ళలోకి వచ్చిన చిన్ని చేప తనను పెంచమన్నది. చేపను చేప మింగే లోకంలో చిన్నగా ఉన్నంతకాలం తమకు వినాశం తప్పదని చెప్పుకొన్నది. ప్రళయంలో ఓడను ఉత్తరగిరికి చేర్చినది అదే. ఆ కథ వింటూ పెరిగినవాడికి గాలం ఎట్లా సహజమవుతుంది అని తండ్రి అడిగినాడు. కుమారుడు మానసోల్లాసం పేరెత్తినాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన ఆ గ్రంథంలో మత్స్యవినోదమనే ప్రకరణమే ఉన్నది. ఏ చేప ఎక్కడ ఉంటుందో, ఏది తింటుందో, గాలం ఎట్లా వేయవలెనో అందులో వివరించబడినది. పైగా తాను పట్టిన చేపను చంపడు. గాలానికి ముల్లు ఉండదు. చేతులు తడిపి, చేపను నీటిలోనే ఉంచి, పొలుసుల మీది జిగురు చెదరకుండ విడిపిస్తాడు. ఇంతకంటె అహింస ఏమున్నది?

తండ్రి ఈ వాదాన్ని మరుసటి ఆదివారం యథాతథంగా కోనసీమకు వినిపించినాడు. తాతగారు యోగభాష్యం ఎత్తుకొనలేదు. “వాడు పట్టిన చేపను తింటాడా, దానితో ఆడుకుంటాడా?” అని అడిగినారు.

“వదిలిపెడతాడు నాన్నగారూ.”

“అంటే ఆడుకుంటాడన్నమాట. మన రేవులో పడవవాడు నలభై ఏళ్ళు చేపలు పట్టాడు. నేను సంధ్యావందనం చేసుకుంటుంటే నా ఎదుటే వల విసిరేవాడు. ఆకలికి పట్టాడు, అమ్ముకున్నాడు, పిల్లల్ని పెంచాడు. వేడుకకు పట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలి నవ్వుకోవడం నేను చూడలేదు. ఆ రాజుగారు గ్రంథంలో పెట్టిన పేరు కూడ వినోదమనే కదా!”

తండ్రికి నోట మాట రాలేదు. వదిలిపెట్టడమే దయ అని ఆయన కూడ అంతవరకు నమ్మినాడు.

విచిత్రమేమనగా, ఆ నదీతీరపు యూపిక్ పెద్దలు దశాబ్దాలుగా అంటున్నది అక్షరాలా ఇదే మాట. వారి విశ్వాసంలో చేపకు ఎరుక ఉన్నది. తనను గౌరవించేవాడికి అది తననుతాను ఇచ్చుకొంటుంది. ఇచ్చినదానిని గ్రహించి, తిని, పంచుకొని, వ్యర్థం చేయకుండ ఉండటం మనిషి ధర్మం. ఆటకు పట్టి, నొప్పించి, తిరిగి విసరడం ఆ దానాన్ని అవమానించడం. అవమానింపబడిన చేప మరల రాదు. దూరదేశాల నుండి వచ్చి పట్టి వదిలే వినోదులను చూచి వారు చేపలతో ఆడుకొంటున్నారని ఆక్షేపించినారు. ఆ ప్రాంతాలలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాబర్ట్ వుల్ఫ్ 2006లో ప్రచురించిన తన గ్రంథానికి ఆ ‘చేపలతో ఆడుకోవడం’ అనే మాటనే శీర్షికలో నిలిపినాడు. కుస్కోక్విమ్ పరిసరాలలో గడచిన దశాబ్దకాలంలో కింగ్ సాల్మన్ తగ్గిపోయి, తరతరాలుగా దానిపై బ్రతికినవారి వలలకే ఆంక్షలు వచ్చినవన్నది కూడ ఈ సందర్భంలో మరువరానిది. తన ఎండుగులకు చేప కరవైన ఇంటిముందు మరొకడు వేడుకకు గాలం విసరడం ఎట్లా కనిపిస్తుందో ఊహించుట కష్టం కాదు.

తండ్రి ఈ వ్యాసాలను చదివి కుమారుని ముందు పెట్టినాడు. కుమారుడు వారం రోజులు ఆ ప్రస్తావన తేలేదు. అలాస్కా చట్టం, జీవశాస్త్రజ్ఞులు వదిలిపెట్టడాన్ని సంరక్షణ మార్గమని సమర్థిస్తారు, దానిలో సత్యం లేకపోలేదు. పట్టిన ప్రతివాడూ చంపుకొని తింటే ఎన్నో నదులలో ట్రౌట్ మిగిలేది కాదు. ఆ వాదం చేపల సంఖ్యను గురించినది. తాతగారు అడిగిన ప్రశ్న పట్టేవాడిని గురించినది. రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేము.

వారం తరువాత బల్లపైనున్న సామానుల పట్టిక మారినది. రెండు కర్రలలో ట్రౌట్ కోసం తెచ్చిన సన్నని కర్ర కొట్టివేయబడినది. ఐదు పెట్టెల ఫ్లైలలో ఒక్కటి మిగిలినది. జింక వెంట్రుకల ఎలుక అల్మరాలోకి పోయినది. ఎగువన, నడుమ ఆరు రోజులు గాలం సంచిలోనే ఉంటుంది. చివరి రెండు రోజులు, దిగువన, సిల్వర్ సాల్మన్ కోసం మాత్రమే. అదీ రోజుకు ఒక్కటి, తినడానికి. దొరకగానే దారం చుట్టివేయడం. చిరుతమచ్చల చేపను నీటిలో చూడడంతో సరి. ఎవరూ కోరకుండ అతడు ఈ విధంగా వ్రాసినాడు. తండ్రి చదివి, “దాని కోసమే కదరా ఈ నది” అన్నాడు. “చూస్తాను నాన్నా. నాయనమ్మ చూసేది కదా” అన్నాడు కుమారుడు.

ఈ ఏర్పాటు నిర్దుష్టం కాదు. సాల్మన్ కోసం వేసిన గాలానికి ట్రౌట్ తగిలితే ఏమి చేయవలెను? ఏ చేప తగులుతుందో నిర్ణయించే అధికారం విసిరేవాడికి లేదు. మరొకటి తండ్రికి సంబంధించినది. యోగసూత్రాలే హింసను తాను చేసినది, చేయించినది, అనుమోదించినది అని మూడుగా విభజించినవి. తెప్ప నడిపి, కుమారుడు చేపను కోస్తుంటే ఎడంగా కూర్చుని పులిహోర తినే తండ్రి మూడవదానిలోకి వస్తాడు. ఆయన ఈ మాట తాతగారితో అన్నాడు. “వస్తావు. వెళ్ళు” అన్నారు తాతగారు. రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు పట్టికలో చేరినవి. భారం మూడు పౌండ్లు పెరిగినది.

మిగిలినది ఆబ్దిక సమయం. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగవది అపరాహ్ణం. ఆగస్టు నడుమ ఆ అక్షాంశంలో పగలు పదిహేనున్నర గంటలు. గడియారం సూర్యునికి దాదాపు మూడు గంటలు ముందుంటుంది. లెక్కిస్తే అపరాహ్ణం సాయంత్రం నాలుగున్నర మొదలు ఏడున్నర వరకు వచ్చినది. కనుక ఐదవ రోజు ఎనిమిది మైళ్ళే. మధ్యాహ్నం రెండింటికల్లా ఇసుకమేటపై తెప్ప దించి, గుడారం వేసి, స్నానం చేయవలెను. ఆ నీటిలో స్నానమా అని గృహిణి భయపడగా, మంత్రస్నానం చాలునని తాతగారు అనుజ్ఞ ఇచ్చినారు. దర్భలు, నువ్వులు నీరు చొరని పసుపుపచ్చ సంచిలో, అన్నిటికంటె పైన.

సంకల్పంలో ద్వీపం, వర్షం పేర్లు సియాటిల్‌లో చెప్పుకొనేవే ఉన్నవి. నది పేరు మాత్రం పటంలో ఉన్నట్లు చెప్పడం తాతగారికి నచ్చలేదు. “ఆ ఒడ్డున పుట్టినవాళ్ళు ఏమంటారో అది చెప్పాలి” అన్నారు. కనిర్తూక్ అని మనుమడు ఫోనులో చెప్పినాడు. చివరి అక్షరం కంఠం లోపలి నుండి పలకవలెనని వివరించినాడు. ఘనాపాఠం చెప్పిన గొంతు మూడుసార్లు ప్రయత్నించి నాలుగవసారి పట్టుకొన్నది.

“సరే. పడమటగా పారుతుందన్నావు. మీరు కూర్చునేది దక్షిణ తీరమా, ఉత్తర తీరమా?”

అది తెలియదు తాతగారూ, మేట ఏ పక్కన ఉంటే ఆ పక్కన దిగుతాం అన్నాడు మనుమడు. ప్రతి వరదకూ మేటలు మారిపోతాయని, పటాన్ని నమ్మడానికి లేదని చెప్పినాడు.

తండ్రి సంకల్పం వ్రాసుకొన్న కాగితంలో ఆ ఒక్క చోట ఖాళీ విడిచి, దానిని దర్భలతోపాటు పసుపుపచ్చ సంచిలో పెట్టినాడు.